పంపుహౌసులో రెండు చేతులు

అపార్ట్‌మెంట్ల సంఘం సెక్రటరీ మెట్లెక్కి వచ్చి, ఆదివారం పొద్దున హాల్లో ఒక అరగంట మీ జీవితం గురించి మాట్లాడండి సార్ అని అడిగితే, పెద్దాయన క్షణం కూడా ఆలోచించకుండా సరేనన్నాడు. ఆలోచించడానికేముంది? ఆ కథ చెప్పడం ఆయనకు మంచినీళ్ల ప్రాయం. ఉద్యోగమంతా నీటి సరఫరా శాఖలోనే చేశాడు. ఉద్యోగం చేస్తూనే దేవుణ్ణి వెతుక్కుంటూ గురువుల చుట్టూ తిరిగాడు. ఇప్పుడు పాత వ్యాను ఒకటి పెట్టుకుని, కిడ్నీలు పాడైనవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లి, డయాలసిస్ అయ్యాక మళ్లీ ఇళ్లదగ్గర దింపుతున్నాడు. ఆయన లెక్కలో ఈ మూడూ వేరువేరు కాదు. ఒకే తీగకు కాసిన కాయలు. ఆ తీగ ఎక్కడ మొలిచిందో కూడా ఆయనకు ఖాయంగా తెలుసు, లేదా తెలుసనుకునేవాడు.

ఎందుకైనా మంచిదని ముందురోజు అక్క ముందు ఒకసారి చెప్పి చూసుకుందామనుకున్నాడు. అక్క ఆయనకన్నా ఆరేళ్లు పెద్దది. బావ పోయాక తమ్ముడి దగ్గరికొచ్చి ఉండిపోయింది. తమ్ముడు పెళ్లి చేసుకోలేదు, ఆమెకు పిల్లల్లేరు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ రోజంతా పోట్లాడుకుంటారు, పూటకోసారి కలిసి టీ తాగుతారు. ఆ మధ్యాహ్నం ఆమె వంటింటి బల్లముందు కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. చెప్పు వింటాను, చేతులు ఖాళీ లేవు గాని చెవులు ఖాళీయే కదా అంది.

ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆయన్ని నది ఒడ్డున ఉన్న పంపుహౌసులో వేశారు. పైన మోటార్లు నడిపే బోర్డులు. మెట్లు దిగి వెళితే, నేలలోకి బావిలా కట్టిన గదిలో పంపులు, మనిషి దూరగలిగినంత లావు పైపులు. ఒకరోజు భోజనాలయ్యాక కింద ఒక పైపు అతుకు విడిపోయింది. పైన డ్యూటీలో ఉన్న ఫిట్టరు వెంటనే మోటార్లు ఆపేశాడు. కానీ మోటార్లు ఆగినంత మాత్రాన నీళ్లు ఆగవు. గుట్టమీది పెద్ద ట్యాంకుకు అంతవరకూ ఎక్కించిన నీళ్లన్నీ అదే పైపులోంచి వెనక్కి దిగిరావడం మొదలుపెట్టాయి. కింద ఉన్న వాల్వును చేత్తో తిప్పి మూస్తే తప్ప గది నిండిపోతుంది, పంపులు మునిగిపోతాయి, ఊరికి వారాల తరబడి గొంతు తడుపుకోవడానికి చుక్క నీళ్లు లేకుండా పోతుంది. కుర్ర ఇంజినీరు ముందూ వెనకా చూడకుండా దిగాడు. సరిగ్గా అప్పుడే దీపాలు పోయాయి.

వాల్వు చక్రం తుప్పుతో బిగుసుకుపోయి ఉంది. ఎంత బలం పెట్టినా ఉలకదు పలకదు. నీళ్లు మోకాళ్లు దాటి, నడుము దాటి, రొమ్ముదాకా వచ్చాయి. కళ్లు పొడుచుకున్నా ఏమీ కనపడని చీకటి. ఇక వదిలేసి పైకి పోదామనుకుంటున్నప్పుడు, వెనకనుంచి రెండు చేతులు వచ్చి ఆయన చేతులమీద పడ్డాయి. మొరటు చేతులు, ఆ చల్లటి నీళ్లలో కూడా వెచ్చగా ఉన్నాయి. చక్రం కిర్రుమని కదిలింది. నాలుగు చేతులూ కలిసి దాన్ని చివరిదాకా తిప్పాయి. చాలు, బిగిసింది అని ఆయన అనగానే ఆ చేతులు వెళ్లిపోయాయి. ఆయన తడుముకుంటూ మెట్లెక్కి వస్తే, ఫిట్టరు బోర్డు దగ్గరే నిలబడి ఉన్నాడు, పొడిబట్టలతో. ఇంకెవరూ లేరు.

ఆ చేతులెవరివో తెలుసుకోవడానికే ఆయన గురువులను పట్టుకున్నాడు. సెలవు దొరికితే చాలు, ఎవరో ఒకరి దగ్గరికి ప్రయాణం. ఒకాయన ఊపిరిని గమనించమన్నాడు. ఒకాయన లోకమంతా కలే అన్నాడు. అయితే పైపు లీకు కూడా కలేనా అని అడిగితే బయటికి పొమ్మన్నాడు. ఇంకొకాయన, వచ్చినవాడు నీళ్ల ఇంజినీరని తెలియగానే, పాడైపోయి మూలపడ్డ తన మోటారు చూపించాడు. ఈయన దాన్ని బాగుచేసి వచ్చాడు గాని చేతుల సంగతి తేలలేదు. చివరికి కొండమీద మౌనశాల నడిపే ఒక ముసలమ్మ దగ్గరికి చేరాడు. అందరూ ఆమెను మౌనం అమ్మ అనేవాళ్లు. రోజంతా మాట్లాడేది కాదు. ఒక్క మధ్యాహ్నం పూట మాత్రం, వరసలో వచ్చినవాళ్లకు ఒక్కో మాట చెప్పేది. ఆయన తన వంతు వచ్చినప్పుడు మొత్తం కథ చెప్పి, ఆ చేతులు ఎవరివమ్మా అని అడిగాడు. ఆమె ఆయన రెండు చేతులూ పట్టుకుని చూసి, "ముందు నీ చేతులు పనిలో పెట్టు నాయనా" అంది.

ఆ మాటతో ఆయనకు వెతుకులాట తీరింది. కొండ దిగాడు. అంతలోనే పెద్దాసుపత్రి నుంచి కబురొచ్చింది, డయాలసిస్ చేసే విభాగంలో నీళ్లు వడకట్టే యంత్రం మొరాయిస్తోంది, ఒకసారి చూసిపొమ్మని. వెళ్లి బాగుచేశాడు. బయటికొస్తుంటే, చికిత్స అయినవాళ్లు నిలబడలేక బస్టాపులో నేలమీద కూర్చుని కనపడ్డారు. ఇద్దరిని తన బండిలో ఎక్కించుకున్నాడు. అలా మొదలైంది. రిటైరయ్యాక వ్యాను కొన్నాడు. ఇప్పుడు ఆసుపత్రిలో ఆయన్ని నీళ్ల సారు అంటారు.

చెప్పడం పూర్తయ్యింది. ఆయన అక్క ముఖంలోకి చూశాడు. ఆమె ఒక బఠాణీకాయను వేలితో చీలుస్తూ, కథ బాగుందిరా, కానీ చాలా తిరగబడింది అంది.

ఏం తిరగబడిందని అడిగాడు. ఆమె చెప్పిన మొదటి సంగతి, గురువుల దగ్గరికి ఆయన వెళ్లడం మొదలుపెట్టింది పంపుహౌసు ప్రమాదం తరవాత కాదు, ముందని. నాన్న పోయిన ఏడాది నుంచే ధ్యానమని, ఉపన్యాసమని తిరిగేవాడట. అప్పుడు ఆమె పుట్టింట్లోనే ఉంది. పైపు విడిపోయిన రోజు ఇంటికొచ్చి, స్నానం చేసి, బోలెడు అన్నం తిని పడుకున్నాడట. చేతుల ప్రస్తావనే లేదట. చక్రం ఎలా తిరిగిందిరా అని నాన్న కుర్చీలో కూర్చున్న మామయ్య అడిగితే, ఎక్కణ్ణుంచో బలం వచ్చింది మామయ్యా అన్నాడట. చేతులనే మాట చాలా నెలల తరవాత, ఎవరిదో ఉపన్యాసం విని వచ్చాక, ఇంటికొచ్చినవాళ్లతో అనడం మొదలుపెట్టాడట.

"మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదక్కా?"

"నువ్వు ఎప్పుడడిగావురా? ఊరందరికీ చెప్పావు. నాకు ఇవాళేగా చెబుతున్నావు."

అదీ నిజమే. పోనీ, మౌనం అమ్మ మాట ఉంది కదా, అదొక్కటీ చాలు అనుకున్నాడు. ఆ రోజు అక్క కూడా కొండకు వచ్చింది. నువ్వే సాక్షివి కదా అన్నాడు. అక్క ఒలవడం ఆపేసి కాసేపు ఆయన వంక జాలిగా చూసింది. చెప్పమంటావా వద్దా అంది. చెప్పమన్నాడు.

"ఆవిడ అన్నది, చేతులు కడుక్కుని రా నాయనా, అన్నం చల్లారిపోతోంది అని."

ఆయన కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. అది కానే కాదన్నాడు. అక్క నచ్చజెప్పబోయింది. ఆవిడకు చెవుడు, నువ్వు చెప్పిందాంట్లో సగం విని ఉండదు, పైగా నీ చేతులకు బస్సు కడ్డీ మసి అంటుకుని ఉంది, అందుకే పట్టుకుని చూసింది అంది. అంతా అయ్యాక మళ్లీ తనే తగ్గి, ఏమోరా, నేను వడ్డనవైపు నిలబడ్డాను, ఆ మాట నీ వెనకాయనతో అందేమో కూడా అంది. ఆ చివరి మాటతో ఆయనకు ఊరట కలగలేదు సరికదా, ఉన్న గందరగోళం రెట్టింపయింది. అక్క అబద్ధం చెబుతోందనుకుంటే ఒక దారి. నిజం చెబుతోందనుకుంటే ఇంకో దారి. ఆమెకే తెలియదంటే ఇక ఎటుపోవాలి?

అన్నీ వదిలేసినా చీకట్లో తన చేతులమీద పడ్డ ఆ రెండు చేతులు మాత్రం ఇప్పటికీ తెలుస్తున్నాయి. తలుచుకుంటే వేళ్ల కణుపులదగ్గర ఆ బరువు తెలుస్తుంది. అది లేదంటే తను లేడన్నట్టే. దానికి సాక్షి అక్క కాదు. ఆ రోజు అక్కడున్నది ఒక్క ఫిట్టరే.

ఫిట్టరును ఆ రోజుల్లో పానా మేస్త్రి అనేవాళ్లు. ఎప్పుడు చూసినా జేబులో పానా ఉండేది. తరవాత పెద్దాయనకు బదిలీ అయి, ఇద్దరి దారులూ వేరయ్యాయి. ఎవరి రిటైర్మెంటు సభలోనో ఒకసారి కలిసి, ఆరోగ్యాలు అడిగి తెలుసుకున్నారు. ఊరికి అవతలి చివర, బట్టలు ఇస్త్రీ చేసే కొట్టు పైన ఉంటున్నానని అప్పుడు చెప్పాడు. పెద్దాయన చొక్కా మార్చుకుని బయల్దేరాడు. ఎక్కడికని అక్క అడిగితే, చేతులు కడుక్కోవడానికి అని విసురుగా అని తలుపేసుకున్నాడు. అన్నాక వీధి మలుపుదాకా నొచ్చుకున్నాడు.

కొట్టు పక్కనుంచి ఇరుకు మెట్లు. పైకి వేడి బట్టల వాసన. తలుపు తీసింది మేస్త్రి భార్య. పొట్టిగా, చురుగ్గా ఉంది. తనెవరో చెప్పగానే లోపలికి పిలిచి, ఎండలో వచ్చారని ఫ్యాను వేసి, ఇదిగో మీ ఇంజినీరు సారు వచ్చారని కేకేసింది. మేస్త్రి పక్కగదిలోంచి గోడ పట్టుకుంటూ వచ్చాడు. మోకాళ్లు అరిగిపోయాయి గాని భుజాలు అలాగే ఉన్నాయి. సార్, నిలబడ్డారేంటి, కూర్చోండి అంటూ తను నిలబడే ఉన్నాడు. ఇద్దరూ ఒకేసారి కూర్చోవడానికి కొంత తర్జనభర్జన జరిగింది.

టీ వచ్చింది. మోకాళ్లు, చక్కెర, రక్తపోటు సంగతులు అయ్యాయి. పోయినవాళ్ల వరస అయ్యింది. పెద్దాయన కప్పు కింద పెట్టి, నేరుగా అడిగేశాడు. పైపు అతుకు విడిపోయిన రోజు గుర్తుందా మేస్త్రీ, నేను కింద వాల్వు తిప్పుతున్నప్పుడు నువ్వు పైనే ఉన్నావు కదా, ఇంకెవరైనా మెట్లు దిగడం చూశావా అని.

మేస్త్రి వింతగా చూశాడు. "ఇంకెవరు దిగుతారు సార్? నేనే కదా దిగింది."

పెద్దాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"మీ వెనకాలే వచ్చాను. మీ చేతులమీద చేతులేసి తిప్పాను. చాలు బిగిసింది అన్నారు, వచ్చేశాను. మీకు తెలుసనుకున్నాను సార్."

తెలుసనుకునే ఇన్నేళ్లూ ఉన్నాడట. అంతేకాదు, కాస్త కష్టపడి, తలవంచుకుని ఇంకోమాట చెప్పాడు. ఆ తరవాత సారు ఎప్పుడూ ఆ ఊసెత్తకపోతే, పెద్దవాళ్లు, మనలాంటివాళ్లు చేసింది ఏం గుర్తుంటుందిలే అనుకున్నాడట. కోపం కాదు సార్, ఊరికే అనుకున్నాను అన్నాడు. పెద్దాయన ఆ చేతులను మరిచిపోవడం కాదు, వాటికోసం కొండలెక్కాడు. కొండలెక్కి దేవుణ్ణి అడిగాడు గాని, మూడు మెట్లెక్కి మేస్త్రిని అడగలేదు. ఆ సంగతి చెబితే మెచ్చుకోలు అవుతుందో అవమానమవుతుందో తేలక, నోటిదాకా వచ్చిన మాటను మింగేశాడు.

కానీ ఇంజినీరు బుద్ధి ఊరుకోలేదు. నీ బట్టలు పొడిగా ఉన్నాయి కదా మేస్త్రీ అన్నాడు. మేస్త్రి నవ్వాడు. పొడిగా ఎందుకుంటాయి సార్, నిలువునా తడిసిపోయాను, వణుకుతుంటే మీరే మీ కోటు తీసి కప్పారు అన్నాడు. ఆ కోటు పైన కుర్చీకి తగిలించి ఉందట. పెద్దాయన గుర్తు తెచ్చుకోబోయాడు. కోటు ఉండేది, నిజమే. బూడిదరంగుది. ఆ రోజు నీళ్లలో కొట్టుకుపోయిందనే ఆయన జ్ఞాపకం. అది కుర్చీమీదే ఉంటే కొట్టుకుపోవడమేమిటి? ఇచ్చేసి ఉంటే మరిచిపోవడమేమిటి?

గుమ్మంలో నిలబడి వింటున్న మేస్త్రి భార్య అప్పుడు లోపలికొచ్చింది. "కోటు మన ఇంటికొచ్చింది అప్పుడు కాదు. వానల్లో మోటారు కాలిపోయిన రోజు. నువ్వు రెండూ కలిపేస్తున్నావు."

మేస్త్రి కాదన్నాడు. ఆమె అవునంది. పైపు విడిపోయిన రోజు నువ్వు ఇంటికి పొడిబట్టలతోనే వచ్చావు, ఆ రోజు మా చెల్లెలు వచ్చి ఉంది, అందుకే నాకు గుర్తు అంది. తడిసినవి అక్కడే మార్చుకున్నానేమో అని మేస్త్రి. అక్కడ నీకు వేరే బట్టలెక్కడివి అని ఆమె. అలా ఆ మొగుడూ పెళ్లాం ఒకరి జ్ఞాపకాన్ని ఒకరు పీకి పందిరి వేస్తుంటే, పెద్దాయన ఖాళీ కప్పు పట్టుకుని ఇటూ అటూ చూస్తూ కూర్చున్నాడు. చివరికి మేస్త్రి, బట్టల సంగతి ఎలా ఉన్నా చేతులు మాత్రం నావే సార్ అన్నాడు. అన్నాడు గాని, మొదట అన్నప్పుడున్న ధీమా ఆ గొంతులో లేదు.

పెద్దాయన బయటికొచ్చి బస్సెక్కాడు. బస్సులో కూర్చుని తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూసుకున్నాడు. మేస్త్రి చెప్పింది నిజమైతే సంతోషించాలి. ఒక మనిషి ప్రాణానికి తెగించి దిగి వచ్చాడు. దేవుడు రావడం కన్నా అది తక్కువా? తక్కువ కాదని తెలుస్తోంది, అయినా ఏదో పోగొట్టుకున్నట్టుంది. ఎక్కువసేపు అలా ఉన్నందుకు సిగ్గేసింది. మేస్త్రి చెప్పింది నిజం కాకపోతే మళ్లీ ఆ చేతులు ఎవరివన్న ప్రశ్న. అక్క చెప్పింది నిజమైతే అసలు చేతులే లేవు. దిగాల్సిన చోటు దాటిపోయింది. కండక్టరు వచ్చి చెబితే గాని తెలియలేదు.

ఇంటికొచ్చి సెక్రటరీకి ఫోను చేసి, రేపటి కార్యక్రమం ఆపేద్దాం, నా కథ నాకే అర్థం కావడం లేదు అన్నాడు. సెక్రటరీ అది పెద్దవాళ్ల వినయం అనుకున్నాడు. లిఫ్టులో కూడా కాగితం అంటించేశాం సార్, కుర్చీలు కూడా చెప్పేశాం అన్నాడు. అక్క వినీవిననట్టు ఉండి, అన్నం వడ్డిస్తూ, మేస్త్రిని కూడా రమ్మనలేకపోయావా అంది. ఆ మాట ఆయనకు తోచనే లేదు. అప్పటికప్పుడు మేస్త్రి ఇంటికి ఫోను చేశాడు.

ఆదివారం హాలు దాదాపు నిండింది. పైఅంతస్తులవాళ్లు, కిందఅంతస్తులవాళ్లు, వ్యానులో వచ్చే రోగులు కొందరు, ఒకప్పుడు కొండకు కలిసి వెళ్లిన ఇద్దరు ముగ్గురు. మేస్త్రిని, ఆయన భార్యను అక్క పట్టుబట్టి ముందువరసలో తన పక్కన కూర్చోబెట్టుకుంది. సెక్రటరీ పరిచయం చేస్తూ, ఇంజినీరింగు, ఆధ్యాత్మికత, సేవ అనే మూడు మెట్లు ఎక్కిన మహనీయుడు అన్నాడు.

మైకు ముందు నిలబడ్డాక, ఎన్నోసార్లు చెప్పిన కథే కాబట్టి నోరు దానంతటదే పైపు దగ్గరికి, చీకటి దగ్గరికి, చేతుల దగ్గరికి వెళ్లిపోయింది. జనం ఊపిరి బిగబట్టి విన్నారు. అక్కడ ఆయన ఆగిపోయాడు. తరవాత, ఇంతవరకూ నేను ఇలాగే చెబుతూ వచ్చాను, నిన్న తెలిసిందేమిటంటే ఇది ఇలా జరిగి ఉండకపోవచ్చు అన్నాడు. ఆ చేతులు ముందువరసలో కూర్చున్న ఫలానా మేస్త్రివి అని ఆయన చెబుతున్నారు, అసలు చేతుల మాట నేను ఎన్నో నెలల తరవాత మొదలుపెట్టానని మా అక్క చెబుతోంది, గురువుగారు నాకిచ్చిన ఉపదేశం చేతులు కడుక్కోమని అయి ఉండవచ్చు అన్నాడు. ఎవరో నవ్వారు. నవ్వాలో వద్దో తెలియక మిగతావాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఉద్యోగం వల్ల వెతుకులాట వచ్చిందా, వెతుకులాట వల్ల ఉద్యోగంలో అలాంటిది కనపడిందా, ఆసుపత్రికి నేను వెళ్లింది గురువు చెప్పినందుకా, యంత్రం పాడైనందుకా, నాకు ఏది ముందో ఏది వెనకో తెలియడం లేదండీ అని చెప్పి, గ్లాసులో నీళ్లు తాగాడు.

సెక్రటరీ పరిస్థితి చక్కబెట్టడానికి మేస్త్రిని వేదికమీదికి పిలిచాడు. మేస్త్రి మోకాళ్లు పట్టుకుని ఎక్కి, మైకును చూసి భయపడి, దానికి దూరంగా నిలబడి, సారు ఎప్పుడూ చెప్పిందే నిజం, నేను పైన బోర్డు దగ్గరే ఉన్నాను అని నాలుగు ముక్కల్లో చెప్పి దిగిపోయాడు. హాలు చప్పట్లు కొట్టింది.

తరవాత ప్రశ్నలన్నారు. మూడో అంతస్తు ఆయన లేచి, ఇంతకీ పొద్దుటిపూట మా కుళాయిలో నీళ్లు ఎందుకు సన్నగా వస్తున్నాయో చెబుతారా అని అడిగాడు. అందరూ నవ్వినా, ఆ ఒక్క ప్రశ్నకే ఆయన తడుముకోకుండా జవాబు చెప్పాడు. టెర్రస్ మీదినుంచి దిగే పైపు వంపులో గాలి చేరుతోందని, దానికి ఏం చేయాలో, ఎంతసేపు పడుతుందో వివరించాడు. ఆ కాసేపు ఆయన ముఖంలో కళ వచ్చిందని అక్క తరవాత అంది.

కుర్చీలు తీసేస్తుంటే పెద్దాయన మేస్త్రిని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, అలా ఎందుకన్నావు, నాకోసం అబద్ధమాడావా అని అడిగాడు. నేను అందరిముందు నీ పేరు చెప్పాను కదా, నీకు దక్కాల్సింది నువ్వెందుకు వదులుకున్నావు అన్నాడు.

మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. "అబద్ధం కాదు సార్. నిన్న మీరు వెళ్లాక మా ఆవిడ అన్నది తలకెక్కింది. ఇవాళ మీరు ఆ చీకటి గురించి చెబుతుంటే, నేను పైన నిలబడి కిందికి చూస్తున్నట్టే కనపడింది. దిగడానికి భయపడ్డట్టు."

"నేనేమో నీ మాటే నమ్మి వచ్చాను" అన్నాడు పెద్దాయన.

ఒకరి కథ ఒకరికి ఇచ్చేసుకుని ఇద్దరూ ఖాళీ అయిపోయినట్టుంది. మేస్త్రి నెమ్మదిగా, మీ చేతిమీద చెయ్యి వేసింది మాత్రం గుర్తుంది సార్, అది ఆ రోజో, మోటారు కాలిన రోజో, ఇంకెప్పుడో అన్నాడు. మేస్త్రి భార్య వచ్చి, మీ ఇద్దరికీ మతి తప్పింది గాని, మీ అక్కగారు భోజనానికి పిలుస్తున్నారు పదండి అంది. భోజనం దగ్గర పంపుహౌసు మాట ఎవరూ ఎత్తలేదు. ఆడవాళ్లిద్దరూ మోకాళ్లకు ఏ నూనె మంచిదో మాట్లాడుకున్నారు. మేస్త్రి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

ఆ సాయంత్రం పెద్దాయన ధ్యానానికి కూర్చుని కుదరక లేచిపోయాడు. అక్క ఆయన గదిలోకి వచ్చి మంచం అంచున కూర్చుంది. నేను అనకుండా ఉండాల్సిందిరా అంది. లేదక్కా, అడిగింది నేను అన్నాడు. నాన్న పోయిన ఏడాది నేను నిజంగా అలా తిరిగేవాణ్ణా అని అడిగాడు. తిరిగేవాడివి, ఎక్కడా నిలిచేవాడివి కాదు, అమ్మ భయపడేది అంది. ఆ ఏడాది ఆయనకు ఏమీ గుర్తులేదు. ఎవరో ఇంకొకరి సంగతి విన్నట్టు విన్నాడు. అది చెప్పమని అడిగాడు. ఆమె తనకు గుర్తున్నంత చెప్పింది. ఎక్కడ తనకు ఖాయంగా తెలియదో అక్కడ తెలియదంది.

సోమవారం ఉదయం వ్యాను తీశాడు. మామూలుగా ఎక్కేవాళ్లు ముగ్గురు. కిటికీ పక్కన ఎప్పుడూ కూర్చునే రిటైర్డు టీచరమ్మ, లారీ డ్రైవరుగా పనిచేసిన ఆయన, ఆయనకు తోడుగా వచ్చే కూతురు. ఆ రోజు కొత్తగా ఇంకొకరు ఎక్కారు. దర్జీపని చేసుకునే అమ్మాయి, పాతికేళ్లుంటాయి. చికిత్సకు మొదటిరోజు. ముందుసీటులో ఒద్దికగా, సంచి గట్టిగా పట్టుకుని కూర్చుంది. కొంతదూరం పోయాక, డబ్బులు తీసుకోకుండా ఇదంతా ఎందుకు చేస్తున్నారు సార్ అని అడిగింది.

ఆ ప్రశ్నకు ఆయన దగ్గర ఎప్పుడూ ఒక కథ సిద్ధంగా ఉండేది. సిగ్నలు పడి, మళ్లీ పచ్చదీపం వెలిగింది. వెనకబండి హారను కొట్టింది.

"తెలియదమ్మా" అన్నాడు.

ఆమె దానికి ఆశ్చర్యపోలేదు. అసలు ఆ జవాబు కోసం ఆమె ఎదురుచూడటం లేదని ఆయనకు అప్పుడు అర్థమైంది. ఆమె అడగాలనుకున్నది వేరే. నొప్పి ఉంటుందా సార్ అంది. ఆయనకు అదీ తెలియదు. ఇన్నేళ్లుగా మనుషులను ఆ తలుపుదాకా దింపుతున్నాడు, ఆ నీళ్లు ఎంత శుభ్రంగా ఉండాలో ఆయనకు తెలుసు, సూది సంగతి తెలియదు. ఆ మాటే చెప్పాడు.

వెనకనుంచి టీచరమ్మ ముందుకు వంగింది. "సూది గుచ్చినప్పుడు ఉంటుంది. తరవాత ఉండదు, చలేస్తుంది. దుప్పటి తెచ్చుకున్నావా?"

అమ్మాయి తెచ్చుకోలేదు. ఎవరూ చెప్పలేదంది. ఆసుపత్రిలో ఇవ్వరా అని పెద్దాయన అడిగితే, ముగ్గురూ ఒక్కసారే నవ్వారు. ఆయన వ్యాను పక్కకు తీసి, వెనక్కి తిప్పాడు. ఆలస్యమవుతుందని లారీ డ్రైవరు గొణిగాడు గాని దిగలేదు. ఇంటిముందు ఆపి హారను కొడితే అక్క బాల్కనీలోకి వచ్చింది. సంగతి విని లోపలికెళ్లి, మెట్లు దిగి, తన మంచంమీది దుప్పటి మడతపెట్టి తెచ్చి, కిటికీలోంచి అమ్మాయి ఒళ్లో పెట్టింది. నిన్ననే ఉతికాను, వాసన రాదు అంది. అమ్మాయి మీ పేరేంటమ్మా అనబోతుంటే, ఆమె అప్పటికే వెనక్కి తిరిగి, పొయ్యిమీద పాలు ఉన్నాయంటూ వెళ్లిపోయింది.

ఆసుపత్రికి చేరేసరికి వాళ్ల వంతు దాటిపోయింది. నర్సు నలుగురినీ నిలబెట్టి తిట్టింది. తప్పు నాదేనమ్మా అన్నాడు పెద్దాయన. ఆమె ఇంకాస్త తిట్టి, కొత్తమ్మాయిని ముందు లోపలికి రమ్మంది.